కౌంట్ జీరో వచ్చి, క్రోమోజోమ్ రిపోర్టులో తేడా కనిపిస్తే ఏం చేయాలి

పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు కాలేదు. హన్మకొండలో వీర్య పరీక్ష చేయిస్తే ‘నిల్’ అని, అంటే వీర్యకణాలు అసలు లేవని వచ్చింది. డాక్టర్ ఇంకొన్ని పరీక్షలు రాశారు, అందులో ఒకటి క్రోమోజోముల పరీక్ష. లేదంటే స్కానింగ్ చేసినాయన తెర మీద చాలాసేపు చూసి, సరిగా ఏమీ చెప్పకుండా ‘ఒకసారి హైదరాబాద్‌లో చూపించుకోండి’ అన్నాడు. మీరు ఈ రెండింట్లో ఏ స్థితిలో ఉన్నా ఇది మీకోసమే రాస్తున్నాను. వరంగల్‌లో ఇలాంటి దంపతులతో మాట్లాడే కౌన్సెలింగ్ పని నాది.

బిడ్డ అమ్మ కడుపులో ఉన్నప్పుడు క్రోమోజోములు, వృషణాలు లేదా అండాశయాలు, హార్మోన్లు, బయటి అవయవాలు ఒకదాని వెంట ఒకటి తయారవుతాయి. ఆ వరసలో ఎక్కడో ఒకచోట తేడా వస్తే దాన్ని డాక్టర్లు డీఎస్‌డీ, అంటే లైంగిక ఎదుగుదలలో తేడా అంటారు. 2006లో పిల్లల హార్మోన్ల నిపుణులు ఒక ఒప్పందానికి వచ్చి ఈ పేరు పెట్టారు. మనిషిని కించపరిచే పాత పేర్లను అప్పటినుంచి వైద్యంలో వదిలేశారు. కొందరికి ఈ సంగతి పుట్టగానే తెలుస్తుంది. ఇంకొందరు గడ్డం, మీసం వచ్చి, ఉద్యోగం చేసుకుంటూ, పెళ్లి కూడా చేసుకుని, పిల్లల కోసం పరీక్షలకు వెళ్లాకే తెలుసుకుంటారు.

కింద రాసిన పనులన్నీ ఒక వరసలో ఉన్నాయి. ఆ వరస తప్పొద్దని ఎందుకంటున్నానంటే, దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది జబ్బు వల్ల కాదు, తొందర వల్ల దెబ్బతిన్నారు. వెనక్కి తీసుకోలేని పని ఏదైనా సరే, ఇంజెక్షన్ కావచ్చు, ఆపరేషన్ కావచ్చు, పెద్దమనుషుల ముందు చెప్పే మాట కావచ్చు, రిపోర్టు పూర్తిగా అర్థమయ్యేదాకా చేయకండి.

ముందు ఆ ‘నిల్’ నిజమేనా తేల్చుకోండి

ఒక్క పరీక్షతో నిర్ధారణకు రావద్దు. రెండోసారి చేయించండి, రెండింటి మధ్య కొన్ని వారాలు గడవనివ్వండి. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. ఈమధ్య గట్టి జ్వరం వచ్చి తగ్గి ఉంటే దాని ప్రభావం ఇప్పటి రిపోర్టు మీద పడి ఉండొచ్చు, ఆ మాట డాక్టర్‌కు చెప్పండి.

శాంపిల్ ఇచ్చే ముందు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులకు మించకుండా కలయికకు దూరంగా ఉండాలి. వీలైతే ల్యాబ్‌లోనే ఇవ్వండి. ఇంటినుంచి తేవాల్సి వస్తే గంట లోపే అందించాలి. నర్సంపేట నుంచో, పరకాల నుంచో బస్సులో తెచ్చిన శాంపిల్‌తో సరైన ఫలితం రాదు. కొంత కిందపడిపోతే సిగ్గుపడకుండా చెప్పండి, మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ ఉంటాయి.

ల్యాబ్ వాళ్లను ఒక ప్రశ్న అడగండి: ‘శాంపిల్‌ను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగినదాన్ని కూడా చూశారా?’ అలా చూడకుండా నిల్ అని రాయకూడదు. అడుగున నాలుగైదు కణాలు దొరికినా కథ మారిపోతుంది, వాటిని అప్పుడే ఫ్రీజ్ చేయించి దాచుకోవచ్చు. రిపోర్టులో వీర్యం పరిమాణం కూడా చూడండి. 1.4 మిల్లీలీటర్లకు తక్కువ ఉంటే దారిలో అడ్డంకి ఉందేమో చూడాలి, అది వేరే సంగతి.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకోకండి

ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతావన్నీ నెమ్మదిగా చదువుకోవచ్చు. ‘మగ హార్మోన్ తక్కువుంది, ఇంజెక్షన్ వేస్తే కౌంట్ పెరుగుతది’ అని ఊళ్లో ఆర్‌ఎంపీ చెప్తాడు, జిమ్‌లో కోచ్ చెప్తాడు, కొన్నిసార్లు డిగ్రీ ఉన్న డాక్టర్ కూడా రాసేస్తారు. జరిగేది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. బయటినుంచి హార్మోన్ రాగానే, ట్యాంకు నిండిందనుకుని మోటారు ఆపేసినట్టు, వృషణాలను పనిచేయించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను మెదడు ఆపేస్తుంది. వృషణంలో ఎక్కడో ఒక మూల తయారవుతున్న కాసిన్ని కణాలు కూడా ఆగిపోతాయి.

ఇప్పటికే వేయించుకుంటూ ఉంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి. ఎప్పుడు మొదలుపెట్టారు, ఏ మందు, ఎన్ని డోసులు అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆపాక చాలామందిలో మళ్లీ తయారీ మొదలవుతుంది, కానీ నెలలు పడుతుంది. టెస్టోస్టిరాన్ నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. వాళ్లకు కూడా పిల్లల విషయం తేలాకే అది మొదలుపెట్టాలి.

అమ్మను అడగాల్సిన మాటలు

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు అమ్మతో ఒకసారి తీరిగ్గా కూర్చోండి. రిపోర్టు గురించి చెప్పాల్సిన పనిలేదు, ‘చిన్నప్పటి సంగతులు డాక్టర్ అడుగుతున్నరమ్మా’ అంటే చాలు. చిన్నప్పుడు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయిందా? వృషణాలు రెండూ సంచిలోకి దిగాయా, ఒకటి పైనే ఉండిపోయిందా? మూత్రం కిందివైపు నుంచి వచ్చేదా, దానికి ఆపరేషన్ చేశారా? పుట్టిన కొత్తలో వాంతులై, నీరసించి, సెలైన్లు ఎక్కించారా?

తర్వాత చుట్టాల గురించి అడగండి. అమ్మ అన్నదమ్ముల్లో, పిన్ని, పెద్దమ్మ కొడుకుల్లో పిల్లలు లేనివాళ్లున్నారా? కొన్ని తేడాలు ఎక్స్ క్రోమోజోమ్ మీద అమ్మ వైపు నుంచి వస్తాయి, మేనమామ పోలిక అన్నది అక్కడ అక్షరాలా నిజం. అమ్మానాన్నలది మేనరికమా? మన దగ్గర మేనబావ, మేనమామ సంబంధాలు ఇప్పటికీ ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఒకే లోపం ఉన్న జన్యువు వస్తేనే బయటపడే జబ్బులకు ఈ వివరం చాలా ముఖ్యం. ఇందులో ఎవరి తప్పూ లేదని అమ్మకు అప్పుడే చెప్పండి. అడిగిన ప్రతి ప్రశ్నా తనమీద నిందలా ఆమెకు వినిపిస్తుంది.

పాత ఆపరేషన్ కాగితాలు ట్రంకుపెట్టెలోనో, బీరువా అడుగునో ఉంటాయి. దొరికితే తప్పకుండా తీసుకెళ్లండి. హెర్నియా ఆపరేషన్ జరిగి చాలా ఏళ్లయిన ఒకతను డిశ్చార్జ్ షీటు తెచ్చాడు. అందులో కింది వరసలో చేతిరాతతో, హెర్నియా సంచిలో గర్భసంచిలాంటి కండ కనిపించిందని రాసి ఉంది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరికీ ఆ వాక్యం చదివి చెప్పినవాళ్లు లేరు. అతని జబ్బేమిటో ఆ ఒక్క వాక్యంతో సగం తేలిపోయింది.

ఒళ్లు చూసి పరీక్షించే డాక్టర్ దగ్గరికి వెళ్లండి

రిపోర్టు మాత్రమే చూసి ఐవీఎఫ్ ప్యాకేజీ రాసిచ్చే చోట ఆగిపోకండి. మగవారి సంతానలేమి చూసే యూరాలజిస్టు, హార్మోన్ల డాక్టరైన ఎండోక్రైనాలజిస్టు, వీలైతే జెనెటిక్స్ డాక్టర్, మీకు కావాల్సింది ఈ ముగ్గురు. వరంగల్‌లో మొదలుపెట్టి, అవసరమైనదానికి హైదరాబాద్ వెళ్లొచ్చు.

పరీక్ష గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. డాక్టర్ చేతిలో ఒక పూసల దండ ఉంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న పన్నెండు పూసలు చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా, ఒక్కోదాని మీద ఒక్కో అంకె: 1 నుంచి మొదలై 25 దాకా. ఒక చేత్తో వృషణాన్ని పట్టుకుని, రెండో చేత్తో దానికి సరిపోయే పూస వెతుకుతారు. ఎదిగిన మగవారిలో సాధారణంగా 15 నుంచి 25 మధ్య పూసలు సరిపోతాయి. చిన్నగా, గట్టిగా ఉండి 4 కంటే తక్కువ పూస సరిపోతే క్రోమోజోమ్ పరీక్ష కచ్చితంగా కావాలి. ఇదంతా రెండు నిమిషాల పని, నొప్పి ఉండదు. ఛాతీ, ఒంటిమీద వెంట్రుకలు, పొడవు, మూత్ర ద్వారం ఉన్న చోటు కూడా చూస్తారు. మీకు వాసన తెలుస్తుందా అని కూడా అడుగుతారు. పుట్టుకతో వాసన తెలియకపోవడం, యుక్తవయసు లక్షణాలు రాకపోవడం కలిసి ఉంటే అది మెదడు నుంచి హార్మోన్ రాని కల్‌మన్ సిండ్రోమ్ కావచ్చు. దానికి ఇంజెక్షన్లతో చికిత్స ఉంది, చాలామందిలో కణాలు వస్తాయి.

రెండు వృషణాలూ చేతికి తగలకపోతే అది చిన్న విషయం కాదు. పొట్ట, కటి భాగం స్కానింగ్, అవసరమైతే ఎంఆర్‌ఐ చేయించాలి.

రక్త పరీక్షలు

టెస్టోస్టిరాన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ ఈ మూడింటికీ పొద్దున పరగడుపున, పది గంటలలోపు రక్తం ఇవ్వండి. మధ్యాహ్నానికి టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువుంటే ఇబ్బంది వృషణంలో ఉంది. రెండు మెదడు హార్మోన్లూ తక్కువుంటే పైన చెప్పిన కల్‌మన్ లాంటిది. ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ రెండూ ఎక్కువగా ఉంటే, హార్మోన్ తయారవుతోంది కానీ ఒళ్లు దాన్ని సరిగా అందుకోవడం లేదేమో చూడాలి. వృషణాలు తగలనివాళ్లకు, లేదా స్కానింగ్‌లో రెండు వృషణాల్లోనూ గడ్డలు కనిపించినవాళ్లకు 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అనే పరీక్ష కూడా అడగండి. ఎందుకో కింద చెప్తాను.

క్రోమోజోమ్ పరీక్ష

దీన్ని కేరియోటైప్ అంటారు. కౌంట్ జీరో ఉన్నవాళ్లు, మిల్లీలీటరుకు 50 లక్షల కంటే తక్కువ ఉన్నవాళ్లు చేయించుకోవాలి. వై క్రోమోజోమ్‌లో ముక్కలు పోయాయేమో చూసే పరీక్ష కూడా అప్పుడే చేయిస్తారు. కేరియోటైప్‌కు ఆకుపచ్చ మూత ట్యూబులో, వై పరీక్షకు ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీస్తారు. ఆకుపచ్చ మూతలోని రక్తకణాలు బతికే ఉండాలి. వాటిని ల్యాబ్‌లో దాదాపు మూడు రోజులు పెంచి, విడిపోతున్న క్షణంలో ఆపి, క్రోమోజోములను లెక్కపెడతారు. అందుకే రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. శనివారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్ హైదరాబాద్ చేరేసరికి పాడయ్యే అవకాశం ఉంటుంది, వారం మొదట్లో ఇవ్వండి.

ప్రభుత్వ రంగంలో హైదరాబాద్ బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యు వ్యాధుల సంస్థ, ఆసుపత్రి ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. ఓపీ రోజులు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ల్యాబ్ ఫారం నింపేటప్పుడు ఫోన్ నంబర్ దగ్గర ఆగండి. ఇప్పుడు రిపోర్టులన్నీ వాట్సాప్‌లో వస్తున్నాయి. తోడు వచ్చిన బావమరిది నంబరో, ఇంట్లో అందరూ చూసే ఫోనో ఇస్తే మీకంటే ముందు వాళ్లు చదువుతారు. మీ నంబరే ఇవ్వండి.

రిపోర్టులో ఏముందో చూడటం

46 అన్నది మొత్తం క్రోమోజోముల లెక్క, ఎక్స్, వై అన్నవి ఆడ, మగ తేడాకు సంబంధించినవి. మామూలుగా ఆడవారికి 46, ఎక్స్‌ఎక్స్, మగవారికి 46, ఎక్స్‌వై అని ఉంటుంది. రిపోర్టులో ఎన్ని కణాలు లెక్కపెట్టారో కూడా రాస్తారు. రెండు రకాల కణాలు కలిసి ఉంటే, దాన్నే మొజాయిక్ అంటారు, ఎక్కువ కణాలు లెక్కపెట్టారో లేదో అడగాలి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది 47, ఎక్స్‌ఎక్స్‌వై. ఇది క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్. 1942లో హ్యారీ క్లైన్‌ఫెల్టర్ అనే అమెరికా డాక్టర్ వర్ణించారు, అదనపు ఎక్స్ కారణమని 1959లో తేలింది. దాదాపు ప్రతి 660 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుందని లెక్క. కౌంట్ జీరో ఉన్నవాళ్లలో ప్రతి పదిమందిలో ఒకరికి ఇదే కారణం. మన చుట్టూ ఉన్నవాళ్లలో చాలామందికి తమకు ఉన్నట్టే తెలియదు. కొంచెం పొడవుగా ఉండొచ్చు, ఛాతీ కొద్దిగా పెరగొచ్చు, గడ్డం పల్చగా ఉండొచ్చు, అసలేమీ కనిపించకపోనూవచ్చు. ఇది వంశంలో వచ్చేది కాదు. అండం లేదా వీర్యకణం తయారైనప్పుడు విడిపోవాల్సిన క్రోమోజోము విడిపోకపోవడం వల్ల వచ్చింది. గ్రహణం వల్ల కాదు, కడుపుతో ఉన్నప్పుడు అమ్మ తిన్నదాని వల్ల కాదు. వృషణంలో అక్కడక్కడ కణాలు తయారయ్యే చోట్లు మిగిలి ఉండే అవకాశం ఉంది. మైక్రోస్కోప్‌తో వెతికే మైక్రో టీసే ఆపరేషన్‌లో 40 నుంచి 50 శాతం మందికి కణాలు దొరుకుతున్నాయి.

46, ఎక్స్‌ఎక్స్ అని వస్తే చాలామందికి కాళ్ల కింద భూమి కదిలిపోతుంది. ముందుగా శాంపిల్ తారుమారు కాలేదని మళ్లీ పరీక్షించి తేల్చుకోవాలి. నిజమే అయితే, ఎక్కువమందిలో వృషణాన్ని తయారుచేసే ఎస్‌ఆర్‌వై అనే జన్యువు వై నుంచి ఊడి ఎక్స్ మీదకు చేరి ఉంటుంది. దాన్ని ఫిష్ అనే పరీక్షలో చూస్తారు. ఇది దాదాపు 20 వేల మంది మగవారిలో ఒకరికి ఉంటుంది. వృషణాలుంటాయి, హార్మోన్ కొంత తయారవుతుంది. కానీ వీర్యకణాల తయారీకి కావాల్సిన జన్యువులు వై మీద ఉంటాయి, ఆ వై లేదు. కాబట్టి మైక్రో టీసే వల్ల ప్రయోజనం లేదు. ఎవరైనా ‘ట్రై చేద్దాం’ అంటే డబ్బు కట్టకండి.

అదే 46, ఎక్స్‌ఎక్స్ వచ్చి, రెండు వృషణాలూ అసలు తగలకపోతే, స్కానింగ్‌లో గర్భసంచి, అండాశయాలు కనిపిస్తే అది అడ్రినల్ గ్రంథి జబ్బు కావచ్చు. దాన్ని సీఏహెచ్ అంటారు. 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ ఇందుకే. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. గట్టి జ్వరం, ఆపరేషన్ లాంటివి వచ్చినప్పుడు స్టెరాయిడ్ సరిపోను అందకపోతే మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. ముందు ఎండోక్రైనాలజిస్టును కలవండి, మిగతా మాటలు తర్వాత. ఇదే జబ్బు 46, ఎక్స్‌వై ఉన్న మగవారిలో వృషణాల్లో గడ్డలుగా బయటపడుతుంది. వాటిని క్యాన్సర్ అనుకుని వృషణం తీసేసిన సందర్భాలున్నాయి. నిజానికి సరైన స్టెరాయిడ్ మందుతో ఆ గడ్డలు తగ్గి కౌంట్ తిరిగి రావచ్చు. రెండువైపులా గడ్డలుంటే హార్మోన్ పరీక్ష చూడకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

46, ఎక్స్‌వై మామూలుగానే ఉండి లోపల గర్భసంచి కనిపించడం ఇంకో రకం. డిశ్చార్జ్ షీటు తెచ్చినతనిది ఇదే. కడుపులో ఉన్నప్పుడు మగబిడ్డ వృషణం ఏఎంహెచ్ అనే హార్మోన్ వదిలి, గర్భసంచిగా మారబోయే నాళాలను కరిగిస్తుంది. ఆ హార్మోన్ రాకపోయినా, వచ్చినా ఒళ్లు దాన్ని గుర్తించకపోయినా ఆ కండ అలాగే మిగిలిపోతుంది. మిగతా అంతా మామూలే: టెస్టోస్టిరాన్ సరిగానే ఉంటుంది, గొంతు, గడ్డం, సంసారం అన్నీ మామూలే. కౌంట్ ఎందుకు పోతుందంటే వృషణాలు కిందికి దిగకుండా పొట్ట వేడిలో ఏళ్లతరబడి ఉండిపోవడం వల్ల. ఇక్కడ తొందరపడి గర్భసంచి తీసేయించుకోవద్దు. వీర్యనాళాలు దాని గోడకు ఆనుకుని పోతుంటాయి, అవి తెగితే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఇలాంటివి ఇంతకుముందు చేసిన సర్జన్‌ను వెతుక్కోండి. కిందికి తేలేని వృషణంలో క్యాన్సర్ ముప్పు ఎక్కువ కాబట్టి దాని సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి.

45, ఎక్స్ (ఒక్క ఎక్స్ మాత్రమే ఉన్నవి), 46, ఎక్స్‌వై అనే రెండు రకాల కణాలూ కలిసి వస్తే గుండె, మూత్రపిండాల స్కానింగ్ చేయించాలి. పొట్టలో ఎదగని వృషణం ఉంటే గడ్డగా మారే ముప్పు ఉంటుంది, తీసేయాలా, కనిపెట్టుకుని ఉండాలా అన్నది ముగ్గురు డాక్టర్లు కలిసి చెప్పాలి. టెస్టోస్టిరాన్ ఎక్కువున్నా ఒళ్లు అందుకోని రకానికి ఏఆర్ జన్యువు పరీక్ష ఉంది.

‘అంటే నేను మొగోణ్ని కాదా మేడం?’

ప్రతి మగాయనా ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్న అడుగుతాడు. అడగనివాళ్ల గురించే నాకు ఎక్కువ దిగులు. రిపోర్టు మీ కణాల్లో ఏముందో చెప్తుంది. మీరెవరో చెప్పే అధికారం దానికి లేదు. ఇన్నేళ్లు మీరు మగవాడిగా బతికారు, మీకు మీరు అలాగే అనిపిస్తే రేపు కూడా మగవాడే. ఆధార్‌లో, పాస్‌పోర్టులో, పెళ్లి సర్టిఫికెట్‌లో మార్చాల్సింది ఏమీ లేదు. ఒకవేళ మీకు లోపల ఎప్పటినుంచో వేరేలా అనిపిస్తూ ఉంటే, అది కూడా మీరే చెప్పాల్సిన మాట. ఎవరి లింగ గుర్తింపు వాళ్లే నిర్ణయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లో నల్సా కేసులో చెప్పింది.

మొదటి నెలలో నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం మామూలే. చావు ఆలోచనలు వస్తుంటే మాత్రం ఆ రోజే ప్రభుత్వ మానసిక సాయం లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది.

ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

ముందు భార్యకు. రిపోర్టు మీది, మీ అనుమతి లేకుండా డాక్టర్ ఇంకెవరికీ చెప్పకూడదు. కానీ ఆమె ఇప్పటికే ఎన్నో పరీక్షలు చేయించుకుని ఉంటుంది. మన దగ్గర పిల్లలు కాకపోతే ముందు కోడలినే తిప్పుతారు, ట్యూబ్ టెస్టు, లాపరోస్కోపీ అయ్యాక గానీ మగాయన పరీక్ష మొదలవదు. బతుకమ్మ ఆడే చోట, సీమంతాల్లో ఆమెను పక్కన నిలబెట్టిన రోజులున్నాయి. ఆమెకు నిజం తెలియాలి. ఇంట్లో ఒక్కరే చెప్పడం కష్టమనిపిస్తే డాక్టర్ దగ్గరో, కౌన్సెలర్ దగ్గరో ఇద్దరూ కూర్చుని వినండి. ప్రశ్నలు ఆమెను కూడా అడగనివ్వండి.

పెద్దవాళ్లకు అంతా చెప్పాల్సిన అవసరం లేదు. ‘ఇబ్బంది నాలో ఉంది, చికిత్స నడుస్తోంది, ఆమెను ఏమీ అనకండి’ అన్న మూడు ముక్కలు మీ నోటినుంచి మీ అమ్మకు చేరితే చాలు. ఆ మాట కొడుకు చెప్తేనే ఇంట్లో గాలి మారుతుంది. పెద్దమనుషుల పంచాయితీకి మాత్రం ఈ కాగితాలు ఎట్టి పరిస్థితుల్లో వెళ్లొద్దు.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉంటే కట్టిరండి, నేను ఎవరినీ ఆపను. కానీ మొక్కు తీరేదాకా అని పరీక్ష వాయిదా వేయకండి. మీ భార్య వయసు పెరిగేకొద్దీ అండాలు తగ్గుతాయి, మైక్రో టీసేలో కణాలు దొరికినా ఆమె అండాలే కావాలి.

పిల్లల సంగతి

మైక్రో టీసేకు వెళ్తుంటే మూడు విషయాలు అడగండి. ఈ సర్జన్ క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లకు ఇంతకుముందు చేశారా? కణాలు దొరికితే అక్కడికక్కడే ఫ్రీజ్ చేసే ల్యాబ్ ఉందా? ఆపరేషన్ తర్వాత టెస్టోస్టిరాన్ తగ్గితే ఎవరు చూస్తారు? వై పరీక్షలో, వీర్యకణాల తయారీకి కావాల్సిన వై ముక్క అయిన ఏజడ్‌ఎఫ్‌లో ఏ లేదా బీ భాగం పూర్తిగా పోయిందని వస్తే ఆపరేషన్ వద్దు, కణాలు దొరకవు. సీ భాగం పోతే దొరికే అవకాశం ఉంది, కానీ పుట్టే కొడుక్కి అదే లోపం వెళ్తుంది, తెలిసి నిర్ణయించుకోండి. క్లైన్‌ఫెల్టర్ తండ్రులకు పుట్టిన పిల్లల్లో చాలామందికి క్రోమోజోములు మామూలుగానే ఉన్నాయి. అయినా పిండం పరీక్ష గురించి జెనెటిక్స్ డాక్టర్‌తో మాట్లాడండి. ఈ సందులో ఎవరైనా ‘బాబే పుట్టేలా చూస్తాం’ అంటే అది లింగ ఎంపికను నిషేధించే 1994 చట్టం ప్రకారం నేరం, అక్కడినుంచి లేచి వచ్చేయండి.

దాత వీర్యం విషయంలో 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం ఉంది. రిజిస్టరైన బ్యాంకు నుంచే తీసుకోవాలి, ఇద్దరి రాతపూర్వక అనుమతి ఉండాలి, పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో మీ ఇద్దరి సొంత బిడ్డే, దాతకు ఏ హక్కూ ఉండదు. ‘తమ్ముడిది వాడుకుంటే రక్తం మనదే ఉంటది కదా’ అన్న మాట ఇళ్లల్లో వస్తుంది. చట్టం దానికి ఒప్పుకోదు, ఒప్పుకున్నా నేను వద్దనే చెప్తాను, ఏ పండక్కి కలిసినా ఆ రహస్యం ముగ్గురినీ తింటుంది. భార్యకు తెలియకుండా దాత వీర్యం వాడించాలనుకోవడం ఆమెకు చేసే ద్రోహం.

దత్తతకు కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ అయిన కారా పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, పెళ్లయి రెండేళ్లు కలిసి ఉన్న దంపతులు అర్హులు. చాలాకాలం వేచి చూడాల్సి వస్తుంది కాబట్టి ఆలోచన ఉంటే ఇప్పుడే పేరు పెట్టండి. ఆసుపత్రుల దగ్గర తిరిగే మధ్యవర్తులకు డబ్బిచ్చి బిడ్డను తెచ్చుకోవడం నేరం, ఆ బిడ్డ తర్వాత మీ చేతుల్లోంచి పోతుంది. పిల్లలు వద్దనుకుని ఇద్దరూ హాయిగా ఉన్న జంటలూ నాకు తెలుసు.

తర్వాతి ఏళ్లు

పిల్లల సంగతి తేలగానే చాలామంది ఫైలు అటక మీద పడేస్తారు. ఒంటి సంగతి అక్కడితో అయిపోదు. క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లకు షుగర్, ఎముకలు బోలుబడటం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఏడాదికోసారి టెస్టోస్టిరాన్, షుగర్, కొలెస్టరాల్ చూపించండి, ఎముకల సాంద్రత స్కాన్ ఒకసారి చేయించండి. ఒక్క కాలు వాచి నొప్పి పుడితే, ఛాతీలో గట్టి గడ్డ తగిలితే ఆగకుండా వెళ్లండి. టెస్టోస్టిరాన్ తక్కువుంటే ఇప్పుడు మొదలుపెట్టొచ్చు, నీరసం, చిరాకు తగ్గుతాయి. వాడేవాళ్లు రక్తం చిక్కబడుతోందేమో అప్పుడప్పుడు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి.

గర్భసంచి మిగిలిపోయిన రకం, సీఏహెచ్, ఈ రెండూ తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చేవి. మీ తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. తమ్ముడికి వృషణాలు రెండూ కిందికి దిగాయా అని అడగండి, దిగకపోతే పెళ్లి సంబంధాలు చూడకముందే స్కానింగ్‌కు పంపండి. ఏఆర్ జన్యువు లోపం తేలితే మీ అక్కాచెల్లెళ్లకు చెప్పాలి, వాళ్లకు పుట్టబోయే కొడుకులకు సంబంధించిన విషయం అది. మీ ఇంట్లో మళ్లీ మేనరికం మాట్లాడుతుంటే, ముహూర్తం పెట్టకముందే ఆ ఇద్దరినీ జెనెటిక్స్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, మీ రిపోర్టు జిరాక్సు చేతిలో ఉండాలి.